ఆమెన్ అనని నోరు

జయరావు చేసిన పని ఇంకెవరైనా చేసి ఉంటే మునిచంద్ర ఈపాటికి మరిచిపోయి ఉండేవాడు. ఎక్కణ్ణుంచో వచ్చిన పాస్టరు తనను రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు దూరం పెట్టి ఉంటే, పోనీలే, ముక్కూ మొహం తెలియనివాడు అనుకునేవాడు. కానీ జయరావు సొంత బావమరిది. భార్య ప్రసన్నకుమారి తోడబుట్టిన తమ్ముడు. ఈ ఇంటి అన్నం తిని బైబిలు కాలేజీకి పోయినవాడు. మొదటి తెల్లచొక్కాకు గుడ్డ కొనిచ్చి, దర్జీ దగ్గర కూర్చోబెట్టి కుట్టించింది మునిచంద్రే. పోయిన ఆదివారం అలాంటి తెల్లచొక్కాతోనే రొట్టె పళ్లెం పట్టుకుని వరసలో ఒక్కొక్కరికీ ఇస్తూ వచ్చి, మునిచంద్ర చాచిన చేతుల ముందుకు రాగానే పళ్లెం పక్కకు జరిపి వెనకాల వాడికిచ్చాడు.

చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి. సంఘమంతా చూసింది.

ఆ సాయంత్రమే మునిచంద్ర తోట గేటుకు తాళం వేశాడు. ప్రార్థన మందిరం ఉండేది ఆ మామిడితోట నడుమనే. తోట గేటు మూస్తే మందిరం మూసినట్టే.

ఇప్పుడు, శనివారం మిట్టమధ్యాహ్నం, ఆ జయరావే వాకిట్లో నిలబడి ఉన్నాడు. చంకలో నల్లసంచి. సంచిలో రొట్టె, ద్రాక్షరసం సీసా. అతను వచ్చింది మునిచంద్ర కోసం కాదు, లోపలి గదిలో మంచం పట్టిన మునిచంద్ర తల్లి జ్ఞానాంబ కోసం. తిరుపతి పెద్దాసుపత్రిలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్న దగ్గర నుంచి ఆమె అడుగుతున్నది ఒక్కటే. పోయేలోపు ఒక్కసారి బల్ల తీసుకోవాలి. దాన్ని పరగడుపున తీసుకోవాలని ఆమె పట్టు. నిన్న పొద్దుగూకినప్పటి నుంచి గంజి కూడా ముట్టలేదు.

"లోపలికి రా జయా" అంది ప్రసన్నకుమారి. "ఎండలో నిలబడి ఏం చేస్తావు."

"వస్తానక్కా. బావ ఒక్క మాట చెప్తే వస్తాను."

మునిచంద్ర అరుగు మీద కూర్చుని, కాయలు కోసే గడకు చిక్కం కడుతున్నాడు. తల ఎత్తలేదు.

"ఏ మాట?"

"నీకు తెలుసు బావా."

"నాకు తెలిసిన మాటలు శానా ఉండాయి. నీకేది కావాల్నో సెప్పు. ఉంటే ఇస్తా, లేకుంటే లేదంటా."

జయరావు ఒకసారి వెనక్కి చూశాడు. వీధిలో బండి స్టాండు వేసి సంఘపెద్ద పెంచలయ్య నిలబడి ఉన్నాడు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మేస్త్రీ. చొక్కా చేతుల మీద ఇంకా పసుపుపచ్చ మరకలున్నాయి. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు, అతనూ రాలేదు.

"తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ, ముగ్గురూ ఒక్క దేవుడు, ఆమెన్. ఇంతే బావా. గేటు తాళం తీసి, రేపు సంఘం ముందర నిలబడి ఈ మాట చెప్తానని ఇప్పుడు మాటియ్యి. నేను లోపలికొచ్చి అత్తకు బల్ల ఇస్తాను."

"మాయమ్మ తినే రొట్టెకూ నా నోటికీ ఏం సంబంధం?"

"నువ్వు ఇంటి పెద్దవి. పరిశుద్ధాత్మను ఎగతాళి చేసిన ఇంట్లో బల్ల పరిచేదానికి సంఘం ఒప్పుకోలేదు. నేనొక్కణ్ణే అయితే..."

"నువ్వొక్కడివే అయితే ఏం సేసుందువు?"

జయరావు సంచి ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు.

ఎగతాళి. ఆ నేరమే నెల రోజులుగా మునిచంద్ర వెంట తిరుగుతోంది.

కాయలు పక్వానికి వస్తున్న రోజుల్లో ఒక ఆదివారం జయరావు ప్రసంగం మధ్యలో మామిడిపండు ఎత్తి చూపించాడు. తోలు, గుజ్జు, టెంక. మూడూ వేరు, పండు మాత్రం ఒక్కటే. దేవుడూ అంతే అన్నాడు. ఇంకే ఊళ్లోనైనా చెల్లుబాటయ్యే ఉపమానమే అది. బంగారుపాళ్యంలో, అదీ సీజన్లో, ముందు వరసలన్నీ ఫ్యాక్టరీలో కాయలు కోసి గుజ్జు తీసే ఆడవాళ్లతో నిండిపోయిన మందిరంలో మాత్రం అది చెప్పకూడని మాట.

మునిచంద్ర లేచి నిలబడ్డాడు. ఎగతాళికి కాదు. అర్థం కాకే అడిగాడు.

"అయ్యగారూ, ఫ్యాక్టరీలో గుజ్జు డబ్బాకు పోతాది. తోలు ఆవులకు పోతాది. టెంక యెనకాల కుప్పలో పడతాది. ఇడిపోయినాక ఏ ఒక్కదాన్నీ ఎవురూ మామిడిపండు అనరు గదా. మరి ఒక్కొక్కరూ దేవుడేనా, ముగ్గురూ కలిస్తేనే దేవుడా?"

జయరావు నోరు తెరిచేలోపే ముందు వరసలోంచి ఎవరో సన్నగా అన్నారు. "మరి టెంక ఎవురంట?"

నవ్వు వరస నుంచి వరసకు పాకింది. పసిబిడ్డల తల్లులు కూడా కొంగు నోట్లో కుక్కుకున్నారు. జయరావు చేతిలోని పండు రసం మోచేతి దాకా కారింది. ఆ మాట అన్నది మునిచంద్ర కాదు. ఆ నవ్వు నవ్వింది కూడా అతను కాదు. అయినా మళ్లీ ఆదివారం తిరిగేసరికి, మునిచంద్ర పరిశుద్ధాత్మను టెంక అన్నాడట అనే మాట సత్యవేడు దాకా పోయింది.

అప్పటి నుంచే అతను బైబిలు చదవడం మొదలుపెట్టాడు. అయిదో తరగతితో బడి మానినవాడు. తోట కాపలా గుడిసెలో కూర్చుని, వేలు పెట్టుకుని, ఒక్కో వాక్యం పైకి చదువుకుంటూ సువార్తలు నాలుగూ పూర్తి చేశాడు. జయరావు చెప్పింది దొరుకుతుందేమోనని వెతికాడు. దొరికినవి వేరే.

"సరే" అన్నాడు ఇప్పుడు మునిచంద్ర, చిక్కం కింద పెట్టి. "నీ మాట నేను సెప్తా. అయితే ముందు నువ్వు నాకు సూపించు. త్రిత్వం అనే మాట ఆ పుస్తకంలో యాడుండాది?"

"ఆ మాట లేదు. ఆ సంగతి ఉంది."

"యాడ?"

"బాప్తిస్మం ఇమ్మని పంపినప్పుడు ప్రభువు ఎవరెవరి పేరు చెప్పినాడు? ముగ్గురి పేరూ చెప్పినాడు కదా."

"ముగ్గురున్నారని సెప్పినాడు. ముగ్గురూ ఒకటేనని సెప్పలేదు. తండ్రి నా కంటే గొప్పోడని ఆయన నోటనే ఉండాది. కడపటి దినం ఎప్పుడో నాకు తెలీదు, తండ్రికొక్కడికే తెలుసని కూడా ఉండాది. సిలువ మింద నన్నెందుకు ఇడిసిపెట్టినావు దేవా అని కేక పెట్టినాడే, అది ఎవుర్ని పిలిచినట్టు జయరావూ? తన్ను తానే పిలుచుకున్నాడా?"

"మనిషిగా వచ్చినాడు కాబట్టి మనిషిగా మాట్లాడినాడు. తగ్గించుకున్నాడు బావా. తగ్గించుకున్నోణ్ణి తక్కువోడు అనుకుంటే ఎట్లా?"

"అది నువ్వంటా ఉండావు."

"నేను కాదు, పౌలు రాసినాడు. సరే, నేనొకటి అడుగుతాను." జయరావు గొంతు మొదటిసారి పాస్టరు గొంతులా కాక చిన్నప్పటి జయరావు గొంతులా వచ్చింది. "తిరిగి లేచిన ప్రభువు గాయాల్ని చూసి తోమా ఏమన్నాడు? నా ప్రభువా, నా దేవా అన్నాడు. దేవుడా అని పిలిచినాడు బావా, ఆయన ముఖం మీద. యేసు అయితే తప్పురా, అట్లా అనొద్దు అని గదమాయించల్ల కదా. గదమాయించినాడా?"

ఆ అధ్యాయం దగ్గర మునిచంద్ర వేలు ప్రతిసారీ ఆగుతూనే ఉంది.

వీధిలోంచి పెంచలయ్య గొంతు సవరించుకున్నాడు. "ఏం మునిచంద్రా, ఇప్పుడు సెప్పు."

"నా దగ్గర జవాబు లేదు" అన్నాడు మునిచంద్ర. "లేదని ఒప్పుకుంటా ఉండాను. ఇందరి ముందర ఒప్పుకుంటా ఉండాను, సూడు. జవాబు లేని సోట జయరావు ఎప్పుడన్నా ఒప్పుకున్నాడా? ఆ పొద్దు మామిడిపండు పట్టుకుని, నాకూ పూర్తిగా తెలీదు బావా అనుంటే నేను కూసోనుండనా?"

"తెలీదని ఉంటే నమ్మేసుందువా?" అన్నాడు జయరావు.

"నమ్మకపోదును. కానీ ఆమెన్ అని అబద్ధం సెప్పమని ఎవురూ అడగకుందురు."

ప్రసన్నకుమారి గుమ్మంలోంచి ముందుకు వచ్చింది. చేతిలో జ్ఞానాంబకు కలిపి పెట్టిన గంజిగిన్నె. దాని మీద మీగడ కట్టింది.

"అయిందా? అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నట్టు దేవుణ్ణి పంచుకుంటా ఉండారే, మీకు రవంతన్నా సిగ్గుండాదా? లోపల ముసలామె కడుపు ఎండబెట్టుకుని ఉండాది. నీకేం పోతాదబ్బా? ఒక్క ముక్క. నోటితో అనేస్తే పాయ. లోపల ఏమనుకుంటావో నీ ఇష్టం."

"లోపల ఒకటి, బయట ఒకటి. అదేనా మీ తమ్ముడు నేర్పించింది?"

"మా తమ్ముడి సంగతి నాకొద్దు. నీ తల్లి సంగతి సూడు. నువ్వు గెలిస్తే ఆమె ఆకలి తీరతాదా?"

"నేను అబద్ధం సెప్పి తెచ్చిన రొట్టె ఆమెకు అరుగుతాదా?"

"అరిగేదీ అరగనిదీ ఆమెను అడిగినావా? నెల దినాలుగా ఈ ఇంట్లో అందరూ మాట్లాడతా ఉండారు. ఆమెను ఒక్కరన్నా అడిగినారా?"

మునిచంద్ర భార్య ముఖంలోకి చూశాడు. ఆమె కళ్లు తిప్పుకోలేదు. ఇరవై రెండేళ్ల కాపురంలో తమ్ముడికీ మొగుడికీ మధ్య ఆమె ఎన్నోసార్లు నలిగింది. ఎన్నడూ ఇట్లా ఇద్దరికీ ఎదురు నిలబడలేదు.

లోపలి గదిలోంచి దగ్గు వినబడింది. దగ్గు ఆగాక గొంతు.

"జయరావు వచ్చినాడా?"

"వచ్చినాడత్తా" అంది ప్రసన్నకుమారి.

"వచ్చినోడు వాకిట్లో ఏం సేస్తా ఉండాడు? కాళ్లకు ముల్లు గుచ్చుకునిందా?"

జయరావు తల దించుకున్నాడు. గడప దాటలేదు. కానీ గది కిటికీ దాకా నడిచాడు. మునిచంద్ర కూడా లేచి లోపలికి వెళ్లి తల్లి మంచం పక్కన నిలబడ్డాడు. కిటికీ చువ్వలకు ఇటు కొడుకు, అటు పాస్టరు. నడుమ జ్ఞానాంబ. పాతచీర బొంత కింద ఆ ఒళ్లు ఉన్నట్టే లేదు. కళ్లు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి.

"మీ మాటలన్నీ ఇన్నాను" అంది. "సెవులు పోలేదు నాకు."

"అమ్మా, నువ్వే సెప్పు" అన్నాడు మునిచంద్ర. "ముగ్గురూ ఒకటేనని నువ్వు నమ్ముతావా?"

"నాకేం తెలుసు నాయనా. మామూలుగా తండ్రీ అంటా. నొప్పి ఎక్కువైతే యేసయ్యా అంటా. ముగ్గురుంటే మంచిదేలే. ఒకరు నిద్దరపోతే ఇంకొకరు ఇంటారు."

ప్రసన్నకుమారికి నవ్వొచ్చి ఆపుకుంది. కిటికీ అవతల జయరావు ముఖం పాలిపోయింది.

"ఇన్నావా అయ్యగారూ?" మునిచంద్ర చువ్వలు పట్టుకుని ముందుకు వంగాడు. "ముగ్గురు వేరు వేరు దేవుళ్లంట. ఒకరు నిద్దరపోతారంట. నేనన్నదాని కంటే ఇది పెద్ద తప్పు కాదా? ఇప్పుడు సెప్పు, మాయమ్మను కూడా ఎలేస్తావా?"

"అత్త తెలీక అంటా ఉంది."

"నేను?"

"నువ్వు తెలిసి అంటా ఉండావు."

"అంటే తెలుసుకున్నోడికి రొట్టె లేదు. తెలుసుకోనోళ్లకు ఉండాది. అంతేనా మీ సంఘం లెక్క?"

జయరావు చువ్వలకు దగ్గరగా వచ్చాడు. చాలా తగ్గు గొంతుతో, పెంచలయ్యకు వినబడకుండా అన్నాడు. "బావా, ఆ పొద్దు నువ్వు కూర్చున్నాక కూడా వాళ్లు నవ్వుతానే ఉన్నారు. అది తెలుసా నీకు? ఆరేండ్ల నుంచి చెప్తున్నాను వాళ్లకు. ఆ ఒక్క నవ్వుతో అంతా పోయింది. నేను పండు ఎత్తితే ఇప్పుడు కూడా మూతులు మూసుకుంటారు."

"దానికి నన్ను తోసేస్తివి."

"ఎవర్నో ఒకర్ని తప్పు మోపి నిలబెట్టకుంటే నన్నే తోసేసుందురు."

ఆ మాట అనేశాక అతనికే భయం వేసినట్టుంది. గబుక్కున వీధి వైపు చూశాడు. పెంచలయ్య అప్పటికే వాకిట్లోకి వచ్చేశాడు.

"అయ్యగారూ, మాటలు శానా అయిపాయ" అన్నాడు పెంచలయ్య. "సంఘం సెప్పింది రెండు. గేటు తెరవల్ల. నోరు తెరవల్ల. రెండూ లేకుంటే బండి తిప్పుదాం పదండి. రేపు రోడ్డు పక్కన లారీల నడుమ ఆరాధన సేసుకుందాం. దేవుడు ఆడా ఉంటాడు."

"పొండి" అన్నాడు మునిచంద్ర. "నా నోరు తెరిసేది నేను అన్నం తినేదానికి, నాకు నిజమనిపించింది సెప్పేదానికి. మీ కోసరం తెరవను. మాయమ్మకు రొట్టె నేను ఇరిసిస్తా. ప్రసన్నా, పొయ్యి ముట్టించు. ముప్పై ఏండ్లు ఆ మందిరానికి రొట్టె ఈ ఇంట్లోనే కదా కాలింది. ఇప్పుడు మాత్రం ఎందుకు కాలదు?"

ప్రసన్నకుమారి కదల్లేదు. జ్ఞానాంబ వైపు చూసింది.

జ్ఞానాంబ తల అడ్డంగా ఊపింది.

"వద్దు నాయనా."

మునిచంద్రకు చెంప మీద కొట్టినట్టయింది. "నా సేత్తో తినవా?"

"నీ సేత్తో గంజి తాగతా, మందు తాగతా. బల్ల నా ఒక్కదానిది కాదు. అందరూ తినేదాంట్లో ఒక తునక నాకు రావల్ల. ఒంటిగా తినేది బల్ల కాదు, అది ఊరికే రొట్టె."

రోడ్డు మీద ఫ్యాక్టరీకి కాయ దించడానికి నిలబడ్డ లారీలు ఒకదాని వెనక ఒకటి కదులుతున్న చప్పుడు.

"పెంచలయ్యా" అంది జ్ఞానాంబ.

"సెప్పమ్మా."

"గేటు ఒకటి, నోరు ఒకటి అన్నావు. నోరు వానిది. దాని మింద నాకు అధికారం లేదు. గేటు ఎవురిది?"

పెంచలయ్య తడబడ్డాడు. "తోట మీది కదమ్మా."

"మాది కాదు, నాది. మా నాయన నాకు పెండ్లినాడు ఇచ్చిన నేల. నా పేరు మిందనే ఉండాది. ఆ గేటు మళ్లా ఎవురూ మూయకుండా తోట మొత్తం మందిరానికి రాసిచ్చేస్తా. సోమవారం నన్ను మంచంతో సహా రిజిస్టరాఫీసుకు ఎత్తకపొండి. కానీ ఒకటి. నా కొడుకును ఆ మాట అడగొద్దు. రేపు అడగొద్దు, నేను పోయినాక కూడా అడగొద్దు. వాని నోట రానిదాన్ని లాగొద్దు."

"అమ్మా" అన్నాడు మునిచంద్ర.

"అత్తా, నేను నేల కోసం రాలేదు" అన్నాడు జయరావు. "దేవుని తోడు, నేల కోసం రాలేదు."

"నీకెవురిస్తా ఉండారు? నువ్వు రేపో మాపో ఇంకో ఊరికి పోతావు."

పెంచలయ్య మెల్లగా అన్నాడు. "ఆయమ్మ ఇష్టపడి ఇస్తా ఉంటే కాదనేదానికి మనమెవురం అయ్యగారూ. రండి, పొద్దుపోతా ఉండాది."

జయరావు గడప దాటాడు. మునిచంద్ర అడ్డం నిలబడతాడని ప్రసన్నకుమారి చెయ్యి చాపింది. అతను నిలబడలేదు. గోడకు ఆనుకుని పక్కకు తప్పుకున్నాడు.

రొట్టె విరిచేటప్పుడు జయరావు ముగ్గురి పేరూ చెప్పాడు. గొంతు మూడుసార్లు తడబడింది. జ్ఞానాంబ నోరు తెరిచి రొట్టె తునక తీసుకుంది. ద్రాక్షరసం సగం పెదవి మీద నుంచి కారితే ప్రసన్నకుమారి కొంగుతో తుడిచింది. "ఆమెన్" అంది జ్ఞానాంబ. ఆ మాట వెనకే ప్రసన్నకుమారి, గుమ్మంలోంచి పెంచలయ్య అన్నారు.

మునిచంద్ర అనలేదు.

పళ్లెంలో ఒక తునక మిగిలింది. జయరావు దాని వైపు చూశాడు, మునిచంద్ర వైపు చూశాడు. గుమ్మంలో పెంచలయ్య ఉన్నాడు. అయినా జయరావు పళ్లెం ముందుకు చాపాడు.

"తీసుకో బావా. ఏమీ చెప్పొద్దు. ఊరికే తీసుకో."

"అయ్యగారూ" అన్నాడు పెంచలయ్య.

జయరావు చెయ్యి వెనక్కి తీయలేదు.

"మొన్న నేను సేతులు సాపినప్పుడు ఇయ్యల్ల" అన్నాడు మునిచంద్ర. "ఆ పొద్దు అది రొట్టె. ఈ పొద్దు అది మాయమ్మ నేల. నాకొద్దు."

అనేసి చొక్కాజేబులోంచి తాళంచెవి తీసి మంచం మీద, తల్లి చేతి పక్కన పెట్టాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోయిందనుకుని బయటికి అడుగు వేయబోతే పిలిచింది.

"మునీ."

"ఊ."

"సోమవారం సాక్షి సంతకం నువ్వే పెట్టల్ల. అది అబద్ధం కాదు గదా నాయనా."

అందరూ అతని వైపే చూస్తున్నారు. మునిచంద్ర అరుగు మీదకు వచ్చి కూర్చున్నాడు. అక్కణ్ణుంచి రోడ్డు అవతల తోట కనబడుతోంది. బడి మానిన ఏడు నాన్న తన చేతికి పార ఇచ్చి దించిన నేల. కావడితో నీళ్లు మోసి ఒక్కో అంటు బతికించిన నేల. ఈ ఏటి కాపు ఇంకా కొమ్మల మీదే ఉంది. చెన్నై-బెంగుళూరు రోడ్డు పక్కన, చెట్లు, బావి, మందిరం, గేటు అన్నీ కలుపుకుని, ఒక ఎకరా డెబ్భై మూడు సెంట్లు.